బీకాం అకౌంట్స్‌లో బ్యాక్‌లాగ్‌లా? అసలు దెబ్బ మొదటి నెలలోనే!

తెలంగాణలో దోస్త్ ద్వారా డిగ్రీలో చేరేవాళ్లలో కొన్నేళ్లుగా బీకాందే పెద్ద వాటా. ఎంపీసీ, బైపీసీ, హెచ్‌ఈసీ చదివినవాళ్లకూ ఇందులో సీటు దొరుకుతుంది. చేరడం ఈజీనే.. కానీ అకౌంటింగ్ పేపర్ దగ్గరికి వచ్చేసరికి చాలామందికి చుక్కలు కనిపిస్తాయి. మరి తేడా ఎక్కడ కొడుతోంది?

ఒక మెట్టు జారితే..

చిట్టా రాస్తేనే ఆవర్జా. ఆవర్జా తేలితేనే అంకణా. ఆ తర్వాతే ముగింపు లెక్కలు. మధ్యలో రెండు వారాలు క్లాస్ పోతే, తర్వాతి పాఠం వింటున్నా అర్థం కాదు. సీఈసీ, ఎంఈసీ వాళ్లకు ఇంటర్ కామర్స్‌లోనే ఈ పునాది పడుతుంది. మిగతావాళ్లకు డిగ్రీలోనే మొదలు. పైగా దోస్త్ చివరి విడతల్లో సీటొచ్చినవాళ్లు చేరేసరికే కొన్ని పాఠాలు అయిపోతాయి.

శంషాబాద్‌లో మరో చిక్కు

2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక ఇక్కడి లెక్కే మారింది. కార్గో, గోదాములు, హోటళ్లు.. 24 గంటలూ పనే. ఫీజు, ఇంటి ఖర్చుల కోసం నైట్ షిఫ్ట్‌కు వెళ్లే విద్యార్థికి పొద్దున క్లాస్ కష్టమే. అలాగని పని మానేయమనలేం. కానీ హాజరు విలువ తక్కువేం కాదు. కాలేజీ మార్కులను అంచనా వేయడంలో ప్రవేశ పరీక్ష స్కోర్ల కన్నా హాజరే మెరుగైన కొలమానమని 2010లో అమెరికాలో వెలువడిన ఓ పరిశోధన సమీక్ష తేల్చింది.

మెసేజ్‌లో 'క్రెడిట్'.. పుస్తకంలో 'డెబిట్'!

జీతం పడితే ఫోన్‌కు 'క్రెడిట్' అని మెసేజ్ వస్తుంది. అదే డబ్బు మన పుస్తకంలో రాస్తే బ్యాంకు ఖాతాకు డెబిట్. ఎందుకంటే ఆ మెసేజ్ బ్యాంకు పుస్తకం లెక్క. బ్యాంకుకు అది మనకు ఇవ్వాల్సిన బాకీ. మనకేమో ఆస్తి. ఈ ఒక్క ముక్క మొదట్లోనే బుర్రకెక్కకపోతే మిగతాదంతా బట్టీనే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ పుస్తకం అదనపు బరువు.

ఏం చేయాలి?

కాలేజీలు ఆలస్యంగా చేరినవాళ్లకు, కామర్స్ చదవనివాళ్లకు మొదటి నెలలోనే విడిగా బ్రిడ్జి క్లాసులు పెట్టాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు పోయిన పాఠం మళ్లీ చెప్పే ఏర్పాటు ఉండాలి. విద్యార్థులు జవాబు చూసి దించేయకుండా, రోజుకో లెక్క సొంతంగా చేయాలి. అంకణా కలవలేదా? తేడా 9తో నిశ్శేషంగా భాగమైతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 540కి బదులు 450 పడితే తేడా 90 మరి!

సీఏ ఫౌండేషన్‌లో మొదటి పేపర్ అకౌంటింగే. ప్రతి పేపర్‌లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. జీఎస్టీ, ట్యాలీ ఉద్యోగాలకూ ఇదే పునాది. అందుకే సెమిస్టర్ చివర్లో గైడ్ కొనడం కన్నా, మొదటి నెల క్లాసులు పోగొట్టుకోకపోవడమే ముఖ్యం.