ధనుష్కారులు

2023 అక్టోబరులో చైనాదేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలయందు విజయవాడ ఆడుబిడ్డ వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణపతకములు గెలుచుకొన్నది. మరుసటి సంవత్సరము పారిస్ ఒలింపిక్సులో విజయవాడవాడే యైన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో జతగూడి, నాల్గవ స్థానము వరకు పోగలిగెను. ఆంధ్రదేశ మీ వార్తలకు పొంగినది, మేమును పొంగితిమి. అయితే ఆ సంబరములో విల్లు పట్టినవారి పేర్లు వినబడినవేకాని, చేతితో విల్లు చేయువారు మన కొండలలో గలరను మాట ఎవరికిని తట్టినట్లు లేదు. సురేఖ చేతిలోనిది కప్పీలు, తీగలు అమర్చిన యంత్రపు విల్లు. ఆ పోటీకి ఆ విల్లే తగినది. దానితో మాకు వివాదము లేదు. వెదురువిల్లు చేయు చేతులు ఏ యాధారముతో ఆ విద్యను నిలుపుకొనవలెనన్నదే మా ప్రశ్న.

ఆ విద్య ప్రాచీనతను గూర్చి రెండు సాక్ష్యములు చాలును. శుక్లయజుర్వేద సంహిత 30వ అధ్యాయములో వృత్తులవారి పట్టిక యొకటి గలదు. అందు ఇషుకారుడు, ధనుష్కారుడు, జ్యాకారుడు అని ముగ్గురు వేర్వేరుగా పేర్కొనబడిరి; అనగా అమ్ము చేయువాడొకడు, విల్లు చేయువాడొకడు, అల్లెత్రాడు చేయువాడొకడు. ఇక 1909లో మైసూరునందు అచ్చుపడిన కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణము చూడుడు. తాటిమ్రాను, వెదురు, కొయ్య, కొమ్ము వింటికి తగినవనియు, నారికి చాగ, జిల్లేడు, జనుము మొదలగువానితోపాటు వెదురును పనికివచ్చుననియు అందున్నది. వెదురుతో నారి యెట్లని చదువుకొన్నవారు సందేహింతురేమో! భిల్లుల సంప్రదాయపు వింటికి పలుచగా చివ్విన వెదురుబద్దయే నారి. గ్రంథము తాళపత్రములలో మరుగుపడియున్న శతాబ్దములలో ఆ విద్యను మోసినవి అక్షరము నెరుగని ఆ చేతులే. మరియొక సంగతి. పని యెంత, కాలమెంత, వేతనమెంత అని ముందు నిర్ణయించియే ఆయుధశిల్పులను పనిలో పెట్టవలెనని కౌటిల్యుడు విధించెను. నేటి యే ప్రభుత్వపు లెక్కలలోనైనను వింటిపనివాని కూలికి ఒక పద్దు కనబడునేమో వెదకుడు.

ఇది మోటుపని యనుకొనువారు ఒక్కమారు ఆ పనివానికడ కూర్చుండి చూడవలెను. పచ్చి వెదురు పుప్పిపట్టును గనుక, కాలమెరిగి కొట్టి, నీడను ఆరబెట్టవలెను. విల్లు వంచినపుడు వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము నలుగును. వెదురునకు బలమంతయు పైచర్మమును అంటిపెట్టుకొన్న నారపోగులలో నున్నది. ఆ పోగులు తెగినచోటనే విల్లు విరుగును. కావున సాగు ముఖమును నొవ్వనీయక, లోపలివైపు కొంచెము కొంచెముగా చివ్వుచు, మెల్లగా వంచి చూచుచు, రెండు కొమ్ములును లస్తకమునకు ఇరువైపుల సమముగా వంగువరకు ఓపిక పట్టవలెను. బిరుసైన తావును చివ్వవలెను గాని మెత్తని తావును ముట్టరాదు. ఒక చివ్వు ఎక్కువైనచో దానిని మరల నతికించు విద్య లేదు. అమ్ము సంగతి ఇంకను సూక్ష్మము. నారిని విడిచిన క్షణమున అమ్ము కొంచెము వంగి, వింటిని తప్పించుకొని, మరల చక్కబడి పోవును. ఆ వింటి బలమునకు అమ్ము బిరుసు సరిపడకున్న, గురి యెంత బాగున్నను అది ప్రక్కకు పోవును. నిప్పుసెగను కాచి కాడ వంకర తీయుట, ఒకే వైపు రెక్కనుండి ఈకలు తీసి పింజ కట్టుట, ఇవన్నియు కొలబద్ద లేకుండ కంటితోను వ్రేలితోను జరుగు పనులు.

ఇట్టి పనిముట్టును పరప్రభుత్వము చిన్నచూపు చూడలేదు. లిట్టను ప్రభువు కాలమున, 1878లో పుట్టిన ఆయుధముల చట్టములో ఆయుధమనగా నేమో చెప్పు వాక్యమునందు కత్తులు, బాకులు, ఈటెలతోపాటు విల్లమ్ములును ఉన్నవి. ఆ వెంటనే ఫిరంగి యున్నది! 1959 నాటి కొత్త చట్టముతో అది రద్దయినది. 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణాపై పడిన అల్లూరి సీతారామరాజు కోరినది తుపాకులనే. వింటితోనే సామ్రాజ్యము కూలదని ఆయన ఎరుగును. అయినను మనము ఊరూర నిలిపిన ఆయన విగ్రహములచేత విల్లే పట్టించితిమి. కంచు వింటికి చందాలు పోగగుచున్నవి. వెదురు వింటికి బేరము లేదు.

నల్లమలలోని చెంచులకు విల్లు ఒకప్పుడు అలంకారము కాదు, అన్నము. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము వేటను నిషేధించినది. 1983లో ఆ యడవి పులుల సంరక్షణ ప్రదేశమైనది. వేటను మరల తెరవుడని మేము కోరము. 2006 నాటి అటవీహక్కుల చట్టమును సంప్రదాయపు హక్కులన్నిటిని గుర్తించుచు వేటను మాత్రము విడిచిపెట్టినది; అది న్యాయమే. కాని ఆ చట్టమే వెదురును చిన్నతరహా అటవీఫలసాయముగా లెక్కించి, దానిపై అడవిబిడ్డలకు స్వామ్య మిచ్చినది. వెదురు వారిదే యైనపుడు, గురిపలకపై వేయు విల్లును చేసి అమ్ముకొనుటకు అడ్డేమి? వేట పోయిన పిమ్మట ఆ విల్లునకు వేరొక పని చూపవలసిన బాధ్యత వేటను మాన్పించినవారికి లేదా?

పని లేకపోలేదు. మన దేశపు విలువిద్య పోటీలలో ‘ఇండియన్ రౌండు’ అను విభాగము గలదు. అందు కొయ్యవిల్లు, వెదురువిల్లు వాడుదురు. తొలిమెట్టున నేర్చుకొను బాలబాలికలకు విదేశపు విల్లు కొనిపెట్టు స్తోమత ఎందరు తలిదండ్రులకు గలదు? ఆ పిల్లలకు కావలసిన విండ్లను ఉభయ తెలుగు ప్రభుత్వములును కొండపనివారివద్దనే, నిర్ణీతమైన ధరకు, ముందు బయానా యిచ్చి కొనవలెను. పూర్వము దసరాకు బడిపిల్లలు విల్లంబులు చేతబట్టి ఇల్లిల్లు తిరుగువారు; పప్పుబెల్లములు పంచిన ఇండ్లు మన పాఠకులలో ననేకులవి. ఆ యిండ్లవారు తమ యూరి పాఠశాలకు తలకొక విల్లు కొనియిచ్చినను కొన్ని కుటుంబములకు పని దొరకును.

గిరిజన బాలురకై కేంద్రప్రభుత్వము నడపు ఆశ్రమపాఠశాలలకు ఏకలవ్యుని పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారిని మేమొకటి అడుగుచున్నాము. నల్లమల ప్రాంతమున అట్టి పాఠశాల యొక్కదానిలో విల్లు చేయనెరిగిన చెంచుపెద్ద నొకనిని నెలజీతముపై ఉపాధ్యాయునిగా నియమించి చూడుడు. నియామకపు కాగితములో విద్యార్హత యను గడి యొకటి యుండును. దానిని ఖాళీగా విడుచుటకు పై యధికారులు ముందుగా ఒప్పుకొనవలసియుండును.