కొలుచుటలోని రెండర్థాలు



తెలుగులో 'కొలుచుట' అనే క్రియకు రెండర్థాలున్నాయి: పరిమాణం నిర్ణయించుట, ఆరాధించుట. దేవతామూర్తి విషయంలో ఈ రెండింటినీ విడదీయరాదన్నది శిల్పాగమాల హృదయం. తాలమానం తప్పిన మూర్తి ప్రతిష్ఠకు అర్హం కాదు; ప్రతిష్ఠ జరుగని మూర్తి నిత్యార్చనకు అర్హం కాదు. నేడు మాత్రం ఈ రెండర్థాలు రెండు వర్గాల పాలైనవి. కొలతలు తీసేవారు విశ్వవిద్యాలయాలలో ఉన్నారు. ఆరాధించేవారం ఆలయాలలో ఉన్నాము. ఒకరి మాట ఒకరికి పట్టదు.

గత మాఘమాసంలో కళాచరిత్రలో ఎం.ఏ. ముగించబోతున్న ఒక విద్యార్థిని మా ఆలయానికి వచ్చినది. స్తంభంపై మూర్తిని చూచి 'చతుర్భుజ విష్ణువు' అని వ్రాసుకొన్నది. "ఏ విష్ణువు తల్లీ?" అన్నాను. తెల్లబోయినది. శంఖ చక్ర గదా పద్మాలు నాలుగు హస్తాలలో మారగల క్రమాలు 24. కేశవ నారాయణాది నామాలూ 24. ఆచమనంలో మనం నిత్యం ఉచ్చరించే నామాలే విగ్రహాన్ని గుర్తించే సూత్రాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంస్కృతం నేర్వమని కూడా అడుగలేదట. ధ్యానశ్లోకం ఎరుగక విగ్రహచరిత్ర వ్రాయుట, లిపి ఎరుగక శాసనం చదువబూనుట వంటిది కాదా?

పంచలోహ మూర్తులను ఆమె అద్దాల పేటికలలోనే చూచినది. ఉత్సవబేరం భక్తునికి దర్శనమిచ్చేది వస్త్రాభరణ పుష్పమాలికాలంకృతమై, వాద్యఘోష నడుమ, వీథిలో. పీఠానికి ఉన్న రంధ్రాలు మోత కఱ్ఱలను దూర్చుటకే. నిరలంకృతమైన లోహాన్ని చూపి, దాని శైలిని, శతాబ్దిని చెప్పి, పాఠం ముగిసినదనుట అర్ధసత్యం. అర్ధసత్యానికి పట్టభద్రత ఇచ్చుట అన్యాయం.

ఇంతవరకు చదివి సంతోషించిన భక్తులారా, ఇక మన సంగతి.

"దేవుణ్ణి రాయిగా చూచే చదువు మనకెందుకు?" అని మనవారు అంటారు. నేనూ అన్నవాడనే. పన్నెండేళ్ల క్రితం మా ఆలయ జీర్ణోద్ధరణలో ఒక దాత ముఖమండప స్తంభాలకు ఎనామిల్ రంగులు వేయిస్తానన్నాడు. ముహూర్తం పెట్టినవాడను నేనే. మొన్న ఆ విద్యార్థిని మూడవ స్తంభం వద్ద నిలిచి, "స్వామీ, ఇక్కడి శాసనం ఏమైనది?" అని అడిగినది. అచ్చైన పాఠం ఆమె చేతిలో ఉన్నది: అఖండదీపానికి ఒక గొల్లవాడు గొఱ్ఱెలను సమర్పించిన దానం. ఆ అక్షరాలు నా కన్నుల ఎదుటనే రంగు క్రింద పూడిపోయినవి. ఆ దీపాన్ని ముప్పది ఏళ్లుగా నేను వెలిగిస్తున్నాను; దానిని నిలిపినవాని పేరు ఆమె చెప్పగా విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ చదువు ఎందుకో తమిళనాడులోని పత్తూరు నటరాజస్వామి చెబుతాడు. 1976లో భూమిలో దొరికిన ఆ మూర్తి దొంగచాటుగా లండన్ చేరినది. అది ఆ ఆలయానిదేనని న్యాయస్థానంలో నిరూపించుటకు అష్టోత్తరాలు చాలవు. ఆ స్థలంలోనే లభించిన ఇతర విగ్రహాలతో దాని శైలిని పోల్చి చూడవలసి వచ్చినది. పురాతత్త్వవేత్త ఆర్. నాగస్వామి వెళ్లి సాక్ష్యమిచ్చారు. 1988లో తీర్పు ఆలయానికి అనుకూలమైనది; అప్పీలు కూడా వీగిపోయి 1991లో స్వామి స్వదేశం చేరినాడు. నాగస్వామి సంస్కృతం చదివినవారు, శిల్పచరిత్రా చదివినవారు. ఆయనలో 'కొలుచుట' రెండర్థాలతోనూ నిలిచినది.

కనుక ఇరువర్గాలకూ నా నివేదన ఇది. కళాచరిత్ర బోధించే ఆచార్యులారా, మీ విద్యార్థిని ఒక బ్రహ్మోత్సవ కాలమైనా అర్చకుని వద్ద, స్థపతి వద్ద కూర్చుండబెట్టండి. ఆగమ పాఠశాలల పెద్దలారా, మన బాలురకు శాసనలిపి, శిల్పచరిత్ర కొంతైనా నేర్పండి. తిరుపతిలో శిల్పవిద్యాసంస్థ, వేదవిశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకే ఊరిలో ఉన్నవి. ఒక ద్వారం నుండి మరొక ద్వారానికి విద్యార్థిని నడిపించుటకు ఏ కొండా ఎక్కనక్కరలేదు.

అర్చక సోదరులారా, స్తంభానికి రంగు పూయించే ముందు ఆ చదువు చదివినవారిని ఒక్కరినైనా పిలిచి చూపండి. నేను పిలువలేదు.

శుభం భూయాత్.