బొమ్మకు వేలంపాట, చేసిన చేతికి వనవాసం

1994 డిసెంబరులో లండన్‌లో క్రిస్టీస్ వాళ్ల వేలంపాటలో ఒక పాత ఎలుగుబంటి బొమ్మ లక్షా పదివేల పౌండ్లకు పోయింది. జర్మనీలో స్టైఫ్ కంపెనీ 1904లో కుట్టిన గుడ్డబొమ్మ అది. చిన్నప్పుడు దాన్ని చంకన పెట్టుకుని తిరిగిన బాబ్ హెండర్సన్ పెరిగి సైన్యంలో కర్నల్ అయ్యాడు, ముసలివాడయ్యాడు, పోయాడు. బొమ్మ మిగిలింది. దాన్ని కొన్నది జపాన్‌కు చెందిన బొమ్మల తయారీదారు, మ్యూజియంలో పెట్టడానికి. కుట్టిన కంపెనీ పేరు తెలుసు, ఏడాది తెలుసు, ఆడుకున్న పిల్లాడి పేరు కూడా తెలుసు. ఒక గుడ్డబొమ్మకు అంత మర్యాద చేసినవాళ్లను మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? మెచ్చుకున్న మరుక్షణమే కడుపు మండుతుంది. ఆ మర్యాదలో వెయ్యో వంతు మన బొమ్మకు ఎందుకు దక్కలేదు? మనకేం తక్కువని?

బళ్లారి సరిహద్దులో, మా బండ్రి చుట్టుపక్కల పల్లెల్లో, తెలుగిల్లయినా కన్నడిల్లయినా అటక మీద వెతికితే ఏదో ఒకటి దొరికేది. అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న లక్కపిడతలు, రంగు వెలిసిన చెక్కగుర్రం, కొట్టూరు తేరుకో మైలార జాతరకో పోయినప్పుడు మారాం చేసి కొనిపించుకున్న రేకు పడవ. లోపల చిన్న నూనెవత్తి వెలిగించి నీళ్లతొట్టిలో వదిలితే టకటకలాడుతూ తిరిగేది ఆ పడవ. దొరికేది అంటున్నాను, దొరుకుతుంది అనడం లేదు. ఇల్లు సున్నం వేసినప్పుడో, మేడ కట్టినప్పుడో అవన్నీ పాత సామాన్ల బండిలోకి పోయాయి. కిలోల లెక్కన పోయినవి ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు అంగళ్లలో ‘యాంటిక్’ అని చీటీ కట్టుకుని కూర్చున్నాయి. పాత ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు, పాత కొండపల్లి అంబారీ ఏనుగు, పాత కిన్నాళ గరుడుడు. అద్దాల బీరువా, లోపల చిన్న దీపం, అడిగితే తప్ప చెప్పని ధర. అంతెందుకు, డెబ్భైలలో బినాకా టూత్‌పేస్ట్ పెట్టెలో ఊరికే వచ్చిన బొటనవేలంత ప్లాస్టిక్ జంతువులను కూడా ఈరోజు వెతికి వెతికి కొనేవాళ్లున్నారు. కొననీ, ఎవరి ముచ్చట వాళ్లది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ కప్పకు ఉన్న గిరాకీ, మనిషి కూర్చుని చెక్కిన ఏనుగును చేసిన చేతికి లేదు. నా బాధంతా అక్కడే.

ఆ చెయ్యి ఏం చేస్తుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. కొండపల్లిలో తెల్ల పొనికి చెక్క తెస్తారు. చేతిలో పెట్టుకుంటే చెక్కేనా అని అనుమానం వచ్చేంత తేలిక. సన్నని సెగ మీద నిదానంగా ఆరబెట్టి అందులోని తేమంతా తీస్తారు. ఒళ్లు వేరుగా, చేతులు, కాళ్లు వేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ముక్కు తీరు, తలపాగా మడత, మెడలో హారం, అన్నీ ఆ మక్కుతోనే. తర్వాత సుద్ద పూత, ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగులు. ఇప్పుడు మా పక్కనున్న కొప్పళ జిల్లా కిన్నాళకు రండి. అక్కడి చిత్రగారుల పని చూడండి. అదే తేలిక చెక్క, అదే చింతగింజల జిగురు. నానబెట్టిన జనపనార పీచును పొడిచేసి, రంపపుపొట్టు కలిపి ముద్ద చేస్తారు. గులకరాళ్ల పొడిని జిగురుతో కలిపి నగలను ఉబ్బెత్తుగా తీరుస్తారు. తెలంగాణలో నిర్మల్ బొమ్మ కూడా పొనికి చెక్కదే. ఒక్క చెట్టు, మూడు ఊళ్లు, మూడు రాష్ట్రాలు, మూడు భౌగోళిక గుర్తింపు పత్రాలు. ఆ చెట్టు గురించి ఈ మూడు ప్రభుత్వాలు ఒక్కసారైనా ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడాయా? అటవీశాఖ అక్కడక్కడ మొక్కలు నాటింది, కాదనను. ఫోటోకు సరిపడా నాటడం వేరు, ఊరి బతుకుకు సరిపడా నాటడం వేరు. చెక్క కోసం పనివాడు వెతుక్కునే రోజులు వచ్చాయంటే గుర్తింపు పత్రం ఎన్ని పటాలు కట్టించి గోడకు తగిలిస్తే ఏం లాభం?

కిన్నాళ అంటే మొన్న మొన్న పుట్టిన ఊరు కాదు. ఆ చిత్రగారుల వంశం విజయనగర రాజుల కొలువు నుంచి వచ్చిందని, హంపి విరూపాక్ష గుడి కప్పు మీది బొమ్మలు వాళ్ల పూర్వీకుల చేతివేనని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కప్పును చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం మెడలు పైకెత్తుకుని వస్తారు. టిక్కెట్టు కొంటారు, ఫోటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ కుంచె ఇంకా బతికే ఉందని, తుంగభద్ర దాటి కాస్త దూరం పోతే అదే చేతిపనిని కొనుక్కుని ఇంటికి తీసుకుపోవచ్చని వాళ్లకు ఎవరు చెప్పారు? చెప్పే బోర్డు ఎంత పెద్ద అక్షరాలతో ఉండాలో తెలుసా? ఆ దారిపొడుగునా ఉన్న రాజకీయ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల్లో పదోవంతు చాలు.

అదే కొప్పళ జిల్లాలో భానాపుర దగ్గర నాలుగు వందల ఎకరాల్లో బొమ్మల పరిశ్రమల సముదాయానికి 2021 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప శంకుస్థాపన చేశారు. ఐదు వేల కోట్ల పెట్టుబడి వస్తుందని చెప్పారు. రానివ్వండి. పిల్లలకు పనులు దొరికితే కాదనేవాడెవడు? కానీ అయ్యా, నాలుగు వందల ఎకరాల్లో నాలుగెకరాలు కిన్నాళ పేరున రాయడానికి ఏ చెయ్యి అడ్డం వచ్చింది? కొప్పళకు బొమ్మల జిల్లా అనే పేరు తెచ్చింది ఎవరు? వందల ఏళ్లు బొమ్మలు చేసిన ఊరి పేరు చెప్పుకుని ఫ్యాక్టరీకి భూమి ఇస్తారు, ఆ ఊరికి మాత్రం చెక్క దొరికే దారి చూపరు. దీన్ని అభివృద్ధి అనాలా?

ఇంకా పైకి పోదాం. 2020లో కేంద్రం విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం ఇరవై శాతం నుంచి అరవైకి పెంచింది, తర్వాత డెబ్భై చేసింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మల మీద బీఐఎస్ నాణ్యత ముద్ర తప్పనిసరి అయింది. చేతిపనివాళ్ల గుండెలు ఆగినంత పనైంది. లక్క రంగు పరీక్షకు ఏ ల్యాబుకు పోవాలి, ఎంత కట్టాలి? గోల పెడితే గానీ హస్తకళలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు రాలేదు. చట్టం రాసిన రోజున ఈ దేశంలో చెక్కబొమ్మ చేసేవాళ్లున్నారన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తుకు రాలేదన్నమాట! 2018-19లో ముప్పై ఏడు కోట్ల డాలర్లున్న బొమ్మల దిగుమతి 2021-22 నాటికి పదకొండు కోట్లకు పడిపోయిందని ప్రభుత్వం గర్వంగా ప్రకటించింది. ఆ ఖాళీ అయిన చోటులోకి ఎవరు వచ్చారు? కొండపల్లి బొమ్మల కాలనీ వచ్చిందా, కిన్నాళ చిత్రగారుల వీధి వచ్చిందా?

ఏటికొప్పాక సంగతి చెబితే గొప్పలు చాలానే ఉన్నాయి. వరాహ నది ఒడ్డు ఊరు. అంకుడు కర్రను తిరిగే లేతు మీద పట్టి, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. పైనుంచి మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పసుపు, నీలిమందు, జాఫరా గింజల రంగులు. నోట్లో పెట్టుకున్నా భయం లేదు, పసిపిల్లల నోటికి వెళ్లని బొమ్మ ఏదుంది కనుక? మైసూరు వైపు చన్నపట్నలోనూ అదే జాతి కర్ర, అదే లక్క, అదే ఆకు. 2017లో ఏటికొప్పాకకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినాన ఆంధ్రప్రదేశ్ శకటమే ఏటికొప్పాక బొమ్మలు, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి. అన్నీ నిజమే. చప్పట్లు కొట్టిన ఢిల్లీ మరుసటి ఏడాదికి ఇంకో శకటం చూసుకుంటుంది. శకటం మీద చోటు దొరికిన లక్కపిడతకు మన ఊరి అంగన్‌వాడీ గదిలో చోటు దొరికిందా? 2020 జాతీయ విద్యావిధానం బొమ్మలతో చదువు చెప్పమంది. ఎన్‌సీఈఆర్‌టీ దానికి పుస్తకమే వేసింది. మంచి పుస్తకమే. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని టెండరు పిలిచే అధికారిని అడుగుతున్నాను: ధర తక్కువ కోట్ చేసినవాడికే ఆర్డరు అని రాసిన రోజునే చెక్కబొమ్మకు తలుపు మూసినట్టు కాదా?

అధికారులనే అంటే పాపం వాళ్లు నొచ్చుకుంటారు. మన సంగతేమిటి? మాల్‌లో ప్లాస్టిక్ రోబోకు బార్‌కోడ్ ఎంత చూపిస్తే అంత నోరెత్తకుండా కట్టే మనిషి, ఎగ్జిబిషన్ స్టాలు దగ్గర నిలబడి “ఏమ్మా, ఇది ఒట్టి కట్టెనే గదా, నూరుకిస్తావా?” అని బేరమాడతాడు. ఆ తల్లి మూడు రోజుల చాకిరీ అది. మళ్లీ అదే మనిషి పదేళ్ల తర్వాత పాతబొమ్మల అంగట్లో అలాంటిదాన్నే పదింతలకు కొని, డ్రాయింగు రూములో పెట్టి, వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసిపోతాడు. సేకర్తలారా, మీ ఆసక్తిని నేను గౌరవిస్తాను. మీరు దాచకపోతే ఆ పాత రంగుల తీరు ఎప్పుడో పోయేది. ఎనామిల్ రంగులు రాకముందు కొండపల్లి దశావతారం ఎంత చల్లగా కంటికి ఆనేదో ఈ తరానికి తెలిసేదే కాదు. కానీ మీ బీరువాలో బొమ్మ కింద రాసే చీటీలో ఊరి పేరు, కాలం మాత్రమే ఎందుకుంటాయి? చేసినవాడి పేరు ఏదీ? రవివర్మ పటం అంటారు, అచ్చువేసిన కాగితమైనా సరే పేరు పలుకుతారు. ఈ బొమ్మల్లో ఒక్కోదాని వెనుకా ఒక్కో రవివర్మ ఉన్నాడు, పేరు లేనివాడు. అడిగి తెలుసుకునేందుకు ఇంకా నలుగురు ముసలివాళ్లు బతికున్నారు. ఎన్నేళ్లుంటారు?

గుర్తింపు ఎప్పుడొస్తుందో మనకు తెలియనిదా! ఇదే కొప్పళ జిల్లాలో తోలుబొమ్మలాటను బతుకంతా ఆడించిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతరకు 2025లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పటికి ఆమెకు తొంభై ఆరేళ్లు. ఆ తల్లికి వంగి దండం పెడతాను. ఇచ్చినవాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను: అరవై ఏళ్ల వయసులో ఇచ్చి ఉంటే, ఆ పేరు చూసి పని నేర్చుకునేందుకు ఎంతమంది పిల్లలు ఆమె గడప తొక్కి ఉండేవారు?

బళ్లారిలో సంగనకల్లు రాతిగొడ్డళ్లకు మ్యూజియం ఉంది. కొత్తరాతియుగం మనిషి నూరిన రాయికి అద్దాల పెట్టె కట్టించారు, చాలా మంచి పని, ఊళ్లో బడిపిల్లలందరినీ తీసుకుపోయి చూపించాలి. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లోనే అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం పెట్టారు. కిన్నాళ, కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మలు పక్కపక్కన నిలబడి రెండు చెట్ల కథ చెప్పే గది మాత్రం మన పక్కన ఎక్కడుంది? 1953లో గీత గీసి బళ్లారిని మైసూరు వైపు, ఆదోని, రాయదుర్గాలను ఆంధ్ర వైపు ఉంచారు. గీత భూమి మీద గీశారు, బొమ్మల మీద కూడా గీసుకున్నాం. కర్ణాటక వాళ్ల కావేరి ఎంపోరియంలో కొండపల్లి కనబడదు, ఆంధ్రా వాళ్ల లేపాక్షి ఎంపోరియంలో కిన్నాళ కనబడదు. అటు ఇటు తిరిగే మా సరిహద్దు మనుషులకు ఇది అర్థమే కాదు. పిల్లలకు ఏ బొమ్మ ఏ రాష్ట్రానిదో ఎవరు చెప్పారు?

నిధులు లేవని మాత్రం చెప్పకండి. ఆ మాట బళ్లారి జిల్లాలో చెల్లదు. 2011లో సుప్రీంకోర్టు ఇనుప గనుల తవ్వకం ఆపించాక, దెబ్బతిన్న బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల భూమిని, బతుకులను బాగుచేయడానికని వేల కోట్లు పక్కన పెట్టారు. దానికి వేరే సంస్థే ఉంది. సండూరు తాలూకా కొండలు ఎర్రమట్టి దిబ్బలై పడి ఉన్నాయి, మొక్కలు నాటాలని ఏటా ప్రణాళికలు రాస్తూనే ఉన్నారు. పొనికి ఎండకొండల చెట్టు, రాతినేలలో పెరిగే చెట్టు. ఆ దిబ్బల మీద నీలగిరి చెట్లో, పేరు నోరు తిరగని విదేశీ మొక్కలో నాటే బదులు, ఏ నేలలో నాటుకుంటుందో అటవీశాఖ పెద్దలే పరీక్షించి, ఒక్క కొండ పొనికికీ అంకుడుకూ ఇవ్వండి. కిన్నాళకు చెక్క, కొండపల్లికి చెక్క, నిర్మల్‌కు చెక్క. జిల్లా కలెక్టరుగారూ, మీ బల్ల మీద ఈ అర్జీకి నంబరు వేయించండి. ఏ కొండ అని మీ గుమాస్తా అడిగితే బండ్రికి రమ్మనండి. తవ్వి వదిలేసినవి బోలెడున్నాయి, వెంటబెట్టుకుని మేమే తిప్పి చూపిస్తాం.