నడిచే ఆడవాళ్ళకి ఈ మాత్రలెందుకు?

పొద్దున్నే అరగంట నడవడం మొదలుపెట్టామో లేదో, సలహాలు మొదలవుతాయి. "వ్యాయామం చేస్తే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుడతాయట, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకోకపోతే ముసలితనం ముందే వచ్చేస్తుందట" అని. ఇప్పుడు మా పార్కులో విటమిన్ సి, ఇ మాత్రలు పేరంటంలో తాంబూలాల్లా చేతులు మారుతున్నాయి. నాకు ఒళ్ళు మండుతోంది.

ఇందులో సగం నిజం ఉంది. కండరం పనిచేస్తే ఫ్రీ రాడికల్స్ ఎక్కువగానే పుడతాయి. కానీ అవి ఉత్త చెత్త కాదు, కబురు కూడా. "పని పెరిగింది, బలపడు" అని కండరానికి చెప్పేవాటిలో అవీ ఉన్నాయి. ఆ కబురు అందుకునే మన ఒళ్ళు తన సొంత రక్షణ ఎంజైములని పెంచుకుంటుంది.

2009లో జర్మనీ పరిశోధన ఒకటి వచ్చింది. యువకులకి 4 వారాలు వ్యాయామం చేయించి, సగంమందికి రోజూ 1000 మిల్లీగ్రాముల సి, 400 యూనిట్ల ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్ళలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. వేసుకున్నవాళ్ళలో ఆ మేలు కనబడలేదు! షుగరు రాకూడదని నడిచే మనకి ఇది చిన్న విషయమా?

అది చిన్న పరిశోధనే, అదీ మగవాళ్ళ మీద, ఒప్పుకుంటాను. అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు కూడా. కానీ నడిచేవాళ్ళకి మాత్రలు కావాలని రుజువు చూపించాల్సింది అమ్మేవాళ్ళు కదా, మనమా?

మన దేశపు 2020 లెక్కల ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 65 మిల్లీగ్రాముల సి చాలు. ఓ మాదిరి జామకాయలో అంతకు మించే ఉంటుంది. వేరుశనగపప్పులో ఇ ఉంది. మునగాకు, బొప్పాయి ఉండనే ఉన్నాయి.

అసలు లోటు నడకలో లేదమ్మా, మన కంచంలో ఉంది. జామకాయ ముక్కలన్నీ పిల్లల డబ్బాలోకి, ఆకుకూర ఆయన కంచంలోకి వెళ్ళిపోతాయి. మనకి గిన్నె అడుగున మిగిలిన పులుసు. మాత్రల డబ్బా కొనుక్కుంటే ఎవరూ ఏమీ అనరు. "ఈ పండు నాకు" అనడానికే మనకి మొహమాటం.

డాక్టరు పరీక్ష చేసి రాసిన ఐరన్, బి12 సంగతి వేరు, అవి మానొద్దు. పక్కింటావిడ చెప్పిందని కొనే ఈ డబ్బా మాత్రం మానేయండి. ఆ డబ్బులతో పళ్ళు కొనండి. కోసి పంచేటప్పుడు మీ వాటా ముందు తీసిపెట్టుకోండి.