‘యస్’ నొక్కే ముందు ఆగండి

మామిడికుదురు మండలం అప్పనపల్లిలోనూ, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంటికీ ఈ హెచ్చరిక. నిన్నటిదాకా నడిచిన ఆట ఈరోజు తెరుచుకోకపోతే, దాన్ని ఎలాగైనా ఆడాలని మీ పిల్లవాడు చేసే పని ఇంటిల్లిపాది డబ్బుకీ కాగితాలకీ ముప్పు తేవచ్చు. వాడిని తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విడిగా నమోదు చేసుకున్నవారికి మాత్రం ఏడాది పొడిగింపు ఇచ్చారు. మిగతావారి కంప్యూటర్లలో కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే దిక్కు లేదు. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. మన ఇళ్లలోని ల్యాప్‌టాపులు చాలావరకు అంత కొత్తవి కావు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చినవి కొన్ని, అన్న బీటెక్ పూర్తయ్యాక తమ్ముడి చేతికి వచ్చినవి కొన్ని, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి కొన్ని. వీటిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే లినక్స్ మింటో ఉబుంటూనో వేసుకోవడం మంచి నిర్ణయం. పైసా ఖర్చు లేదు, భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, తెలుగులో టైప్ చేసుకోవచ్చు. తెలుగువాళ్లకు లినక్స్ కొత్త కూడా కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే కంప్యూటర్ నడవాలని ఏళ్లుగా శ్రమిస్తోంది.

చిక్కంతా ఆటల దగ్గర వస్తోంది. అదీ అన్ని ఆటలతో కాదు. వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. విండోస్ కోసం రాసిన ఆటను లినక్స్ మీద నడిపించడం దాని పని. 2022 ఫిబ్రవరిలో అదే కంపెనీ అమ్మకానికి పెట్టిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం లినక్స్ మీదే నడుస్తుంది. ఒంటరిగా ఆడుకునే ఆటల్లో ఎక్కువ భాగం ఇప్పుడు లినక్స్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. వాల్వ్ నడిపే ఆటల దుకాణం స్టీమ్ 2025 అక్టోబరు సర్వేలో లినక్స్ వాటా తొలిసారి 3 శాతం దాటింది. ఆగిపోతున్నవి ముఖ్యంగా నలుగురూ కలిసి ఆన్‌లైన్‌లో పోటీపడే ఆటలు. మన పిల్లలు స్నేహితులతో ఆడాలని తహతహలాడేదీ సరిగ్గా అవే.

అవి ఆగిపోవడానికి కారణం లినక్స్ చేతకానితనం కాదు, కంపెనీలు తీసుకున్న నిర్ణయాలు. 2020 మార్చిలో రాకెట్ లీగ్ లినక్స్‌కు మద్దతు మానేసి, అడిగినవారికి డబ్బు వాపసు ఇస్తామంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన వాలరాంట్ ఆట, వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) లేనిదే నడవదు. ఆ వాన్‌గార్డ్‌కు లినక్స్‌లో చోటే లేదు. 2024 మేలో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కు కూడా దాన్నే తగిలించడంతో, వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో లినక్స్‌లో ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు ఆటకు దూరమయ్యారు. 2024 సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్‌కు దాని తయారీదారు రాక్‌స్టార్ బ్యాటిల్ఐ అనే యాంటీ చీట్ చేర్చింది. ఏళ్ల క్రితం డబ్బు కట్టి కొన్న ఆటలో ఆన్‌లైన్ భాగం ఒక్క అప్‌డేట్‌తో లినక్స్ ఆటగాళ్లకు దూరమైంది. అపెక్స్ లెజెండ్స్ 2022లో లినక్స్‌కు తలుపు తీసి, 2024 అక్టోబరు 31న మూసేసింది. అందులో పాత్రల దుస్తులకూ ఆయుధాల రంగులకూ డబ్బు పోసినవాళ్లకు అవన్నీ ఖాతాలో కనిపిస్తాయి, వాళ్ల లినక్స్ కంప్యూటర్లో ఆడుకోవడానికి మాత్రం పనికిరావు. 2025 అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 అయితే లినక్స్‌లో మొదలే కాదు.

కంపెనీల వాదన కూడా న్యాయంగా వినాలి. గోడల అవతలున్నవాణ్ని చూసే ప్రోగ్రాములు, గురి తప్పని ప్రోగ్రాములు వాడి మోసంతో గెలిచేవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్ల వల్ల నిజాయతీగా ఆడే పిల్లల ఆట పాడవుతోంది. లినక్స్‌లో కంప్యూటర్ యజమాని తన సిస్టమ్‌లోని ఏ భాగాన్నైనా మార్చుకోగలడు కాబట్టి మోసం పట్టడం కష్టమని కంపెనీలు అంటున్నాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను లినక్స్‌లో ఆడేవారు రోజుకు 800 మందికి కాస్త పైన మాత్రమేనని ఆ ఆట తయారీదారు రయట్ గేమ్స్ చెప్పింది. కొద్దిమంది కోసం ఇంత ఖర్చా అన్నది వారి లెక్క.

ఆ వాదనలో కొంత నిజముంది, కానీ దాంతోనే తలుపు మూయడం ఒప్పుకోలేం. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కు మద్దతు ప్రకటించాయి. ఆ వీలును వాడుకోవాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవారి ఇష్టం. ఎల్డెన్ రింగ్, డేజెడ్ వాడుకున్నాయి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌లోనే నడుస్తున్నాయి. దారి ఉండి కూడా నడవని కంపెనీని దారి లేదన్న మాటతో వదిలేయకూడదు. పైగా కెర్నెల్ అనే లోపలి పొరలో కాపలా పెట్టినంత మాత్రాన విండోస్‌లో మోసగాళ్లు మాయం కాలేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికంటే లోపలి పొర. మీ ఫైళ్లు, కెమెరా, కీబోర్డు, పాస్‌వర్డులు, ఏది వాడాలన్నా దాని చేతిమీదుగానే. కెర్నెల్ స్థాయి యాంటీ చీట్ ఆ పొరలోకి చేరుతుంది. కొబ్బరి తోట కాపలాకు కుదిరినవాడు ఇంట్లో బీరువా తాళం కూడా అడిగినట్టే ఇది. వాడు మంచివాడే కావచ్చు, కానీ ఆ తాళం వాడి దగ్గర నుంచి ఇంకెవరి చేతికైనా వెళ్తే పరిస్థితి ఏమిటి?

ఇది ఊహించి చెబుతున్నది కాదు. గెన్షిన్ ఇంపాక్ట్ ఆటతో వచ్చే యాంటీ చీట్ డ్రైవర్‌ను ఒక రాన్సమ్‌వేర్ ముఠా (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు) ఆయుధంగా వాడుకుందని ట్రెండ్ మైక్రో పరిశోధకులు 2022 ఆగస్టులో బయటపెట్టారు. ఆ ముఠా ఆ డ్రైవర్ సాయంతో యాంటీవైరస్‌ను ఆపేసి, తర్వాత ఫైళ్లకు తాళం వేసింది. ఆ పని చేయడానికి బాధితుడి కంప్యూటర్లో ఆ ఆట ఉండాల్సిన అవసరం కూడా లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్ ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. అది కెర్నెల్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ కాబట్టే యంత్రాలు మళ్లీ పైకి లేవలేకపోయాయి. ఆ రోజు శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. పెద్ద సంస్థలకే అలా జరిగితే, వరదకు కాజ్‌వే మునిగితే రాకపోకలు ఆగే అప్పనపల్లి లాంటి ఊళ్లో ల్యాప్‌టాప్ ఒక్కసారి పడిపోతే రిపేరు షాపు ఎంత దూరమో ఆలోచించండి.

ఆట తెరుచుకోనప్పుడు పిల్లలు తొక్కే తప్పుదారులు మూడు.

మొదటిది బైపాస్. యూట్యూబ్ వీడియో కిందో టెలిగ్రామ్ గ్రూపులోనో లింకు ఉంటుంది. యాంటీవైరస్ ఆపేయండి, అడ్మిన్‌గా నడపండి అని రాసి ఉంటుంది. తెర మధ్యలో ఒక పెట్టె వచ్చి, ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్లో మార్పులు చేయడానికి అనుమతిస్తారా అని అడుగుతుంది. పిల్లవాడు ‘యస్’ నొక్కుతాడు. దాంతో బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, తెరిచి ఉన్న మెయిల్, నాన్న పంపిన పాస్‌పోర్టు కాపీ, నెట్ బ్యాంకింగ్ వివరాలు తెలియనివాడికి చేరవచ్చు. ఏమీ పోకపోయినా ఆట ఖాతాపై శాశ్వత నిషేధం పడవచ్చు. లినక్స్‌లోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎవరో ఇచ్చిన కమాండ్‌కు అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో అనే మాట ముందు పెట్టి టెర్మినల్‌లో అతికించడమంటే ఆ ‘యస్’ నొక్కినట్టే.

రెండోది కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులుండే బయోస్‌తో ఆడుకోవడం. కొన్ని కొత్త ఆటలు సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా సెట్టింగులు ఆన్‌లో ఉండాలంటున్నాయి. వాటిని మార్చాక ల్యాప్‌టాప్ ఆన్ అవుతూనే నీలం తెర మీద, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ చాలావరకు ఆ ల్యాప్‌టాప్ మొదట వాడినవారి మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే ఆయన ఎవరో మీకు తెలియదు. కీ లేకపోతే ఫొటోలు, ప్రాజెక్టులు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ పోయినట్టే. హార్డ్ డిస్క్‌ను జీపీటీ అనే పద్ధతికి మార్చమనే వీడియోలు అంతకంటే ప్రమాదం.

మూడోది అప్‌డేట్లు ఆగిన పాత విండోస్‌కో, క్రాక్ చేసిన విండోస్ కాపీకో తిరిగి వెళ్లడం. ఒక్క ఆట కోసం ఇంటి కంప్యూటర్‌ను వీధిలో పెట్టడమే అవుతుంది.

మరి చేయాల్సింది ఏమిటి? ఆట కొనేముందే చూడండి. 2024 అక్టోబరు నుంచి స్టీమ్‌లో కెర్నెల్ స్థాయి యాంటీ చీట్ ఉన్న ఆట ఆ సంగతి తన పేజీలోనే చెప్పాలి. లినక్స్‌లో ఆ ఆట ఎలా నడుస్తోందో వాడినవారి మాటలు ప్రోటాన్ డీబీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కొన్నాక నడవకపోతే 14 రోజుల్లో, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్‌లో డబ్బు వాపసు అడగవచ్చు. ఆ గడువు దాటనివ్వకండి. ఆన్‌లైన్ ఆటలో దుస్తులకు, పాయింట్లకు డబ్బు కట్టే ముందు, ఆ తలుపు రేపు మూసుకుపోవచ్చని పిల్లలకు స్పష్టంగా చెప్పండి.

బ్యాంకు పని, పరీక్షల దరఖాస్తులు, భూమి కాగితాలు ఉన్న ల్యాప్‌టాప్‌లో కెర్నెల్ స్థాయి యాంటీ చీట్ ఉన్న ఆట వేయకండి. ఆడాలనుకుంటే దానికి వేరే కంప్యూటర్ వాడండి. అది కుదరకపోతే ఆ ఒక్క ఆట వదిలేయండి. బయోస్ జోలికి వెళ్లే ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాచి, రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. బైపాస్ లింకు ఇప్పటికే నొక్కి ఉంటే ఇంటర్నెట్ ఆపి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోతే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అమలాపురం, రాజోలులో ల్యాప్‌టాపులు బాగుచేసే షాపులవారికీ ఒక విన్నపం. లినక్స్ వేసేటప్పుడు ఏ ఆటలు నడుస్తాయో, ఏవి నడవవో ముందే చెప్పండి. ఆ రెండు నిమిషాల మాట ఒక కుటుంబాన్ని కాపాడుతుంది.

కంపెనీలను కూడా నిలదీయాలి. అపెక్స్ లెజెండ్స్, బ్యాటిల్‌ఫీల్డ్ ప్రచురించే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయం ఉంది. అందులో మన తెలుగు ఇంజినీర్లు పనిచేస్తున్నారు. వారితో సహా ఆటలు చేసే ప్రతి ఒక్కరినీ మేం కోరేది మూడే. అమ్మేటప్పుడే ఏ సిస్టమ్‌లో ఎంతకాలం నడుస్తుందో పెద్ద అక్షరాల్లో చెప్పండి. అమ్మిన తర్వాత తలుపు మూస్తే డబ్బు వెనక్కివ్వండి. మోసాన్ని మీ సర్వర్లలో పట్టడానికి పెట్టుబడి పెట్టండి, కొన్నవాడి కంప్యూటర్ లోపలి పొరను అడగకండి. కొన్న ఆట మధ్యలో ఆగితే దాన్ని వినియోగదారుడి ఫిర్యాదుగానే చూడాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి. ఒక్క ఫిర్యాదును పట్టించుకోని కంపెనీ వెయ్యి ఫిర్యాదులను తోసేయలేదు.

ఆటలు మానమని మేం చెప్పడం లేదు. పిల్లలు ఆడాలి, స్నేహితులతో పోటీపడాలి, గెలవాలి. లినక్స్ వాడే పిల్లవాడికీ ఆ హక్కు ఉంది. ఆ హక్కు కోసం కంపెనీతో కొట్లాడదాం, ఫిర్యాదులు రాద్దాం, నడవని ఆటను కొనకుండా జేబు మూసుకుందాం. కానీ ఈ రాత్రి ఆట కోసం ఇంటి కంప్యూటర్‌ను ఎవరి చేతికీ అప్పగించవద్దు. బైపాస్‌కు అనుమతి అడిగే ఆ పెట్టె తెర మీద కనబడితే ‘నో’ నొక్కండి.