ఎలా బతికాడో సరే, ఎందుకు చెప్పలేదు?

తెలుగులో 'రంధ్రాన్వేషణ' అని ఒక మాట ఉంది. పనిగట్టుకుని తప్పులు వెతికేవాళ్లని తిట్టడానికి వాడతారు. 'ప్లాట్ హోల్' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. రెండిట్లోనూ ఉన్నది చిల్లే. కాకపోతే మన మాట వెతికేవాణ్ణి తప్పుపడుతుంది, ఇంగ్లిష్ మాట కథని తప్పుపడుతుంది. నేను ఎవరి పక్షమో ముందే చెప్పేస్తా: వెతికేవాడి పక్షం. అయితే ఏ చిల్లు పెద్దది, ఏది చిన్నది అనే విషయంలో తోటి ప్రేక్షకులతో నాకు కొంచెం పేచీ ఉంది.

ఉదాహరణకి బీబీసీ వాళ్ల 'షెర్లాక్' తీసుకుంటా. ఇంకా చూడనివాళ్లు ఉంటే ఇక్కడే ఆగిపోండి, కథంతా బయటపెట్టబోతున్నా.

రెండో సీజన్ చివరి ఎపిసోడ్ 'ది రైకెన్‌బాక్ ఫాల్' 2012 జనవరి 15న వచ్చింది. అందులో షెర్లాక్ లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ హాస్పిటల్ పైకప్పు మీంచి దూకేస్తాడు. కింద నిలబడి తనతో ఫోన్‌లో మాట్లాడుతున్న జాన్ వాట్సన్ కళ్లముందే. జాన్ పరిగెత్తుకొస్తుంటే ఒక సైకిల్ గుద్ది పడేస్తుంది. లేచి వచ్చి చెయ్యి పట్టుకుని చూస్తే నాడి లేదు. కానీ చివరి షాట్‌లో షెర్లాక్ బతికే ఉంటాడు, తన సమాధి దగ్గర ఏడుస్తున్న జాన్‌ని దూరం నుంచి చూస్తూ. దీనికి జవాబు చెప్పాల్సిన ఎపిసోడ్ 'ది ఎంప్టీ హర్స్', అంటే ఖాళీ శవవాహనం, 2014 జనవరి 1న గానీ రాలేదు.

అంటే దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లు ప్రేక్షకులు ఊరుకోలేదు. జాన్‌ని సరిగ్గా అక్కడే ఎందుకు నిలబడమన్నాడు? అక్కడినుంచి నేల కనపడకుండా మధ్యలో ఒక చిన్న బిల్డింగ్ అడ్డం ఉంది కదా? సంచులేసుకున్న ఆ ట్రక్ అక్కడ ఏం చేస్తోంది? ఆ సైకిల్‌వాడు ఎవరు? మార్చురీలో పనిచేసే మాలీని షెర్లాక్ సాయం అడిగింది దీనికేనా? ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూసి, ఎవరికి తోచిన సిద్ధాంతం వాళ్లు కట్టారు.

"సీరియల్‌కి లాజిక్ ఏంట్రా, ఎంజాయ్ చెయ్" అని మన హాస్టల్‌లో వినపడే మాటకి మన సామెత కూడా వంత పాడుతుంది: కథకి కాళ్లు లేవు, ముంతకి చెవులు లేవు. దెయ్యం కథకైతే ఒప్పుకుంటా. డిటెక్టివ్ కథకి మాత్రం కాళ్లుండాలి. ఎందుకంటే దాని ఒప్పందమే వేరు. షెర్లాక్ కనపడ్డవాళ్లనల్లా సరిగ్గా గమనించట్లేదని తిడుతుంటాడు. అలాంటి కథ, మనం సరిగ్గా గమనిస్తే మాత్రం "అంత గమనించకు" అనకూడదు.

గమనించినవాడికి ఆ ఎపిసోడ్‌లోనే ఒక బహుమతి కూడా ఉంది. మోరియార్టీ ఒకే రోజు లండన్ టవర్‌లో రాజాభరణాలున్న అద్దాల పెట్టె, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాల్ట్, పెంటన్‌విల్ జైలు తలుపులు తెరిపిస్తాడు. ఏ తాళాన్నయినా తెరిచే నాలుగు లైన్ల కోడ్ అతని దగ్గర ఉందని అందరూ నమ్ముతారు. మన బ్రాంచ్‌లో ఎవరు చూసినా ఇక్కడ నవ్వుతారు. మూడు చోట్లా మూడు వేరువేరు సిస్టమ్స్, మూడిటికీ ఒకే కోడ్ ఎలా పనిచేస్తుంది? మనం ఒక ల్యాప్‌టాప్‌లో రాసిన ప్రోగ్రామే పక్కవాడి ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ ఇస్తుంది! కానీ షెర్లాక్ నమ్మేశాడు. మోరియార్టీ మోకాలి మీద వేళ్లతో వేసిన తాళాన్ని బైనరీ అనుకున్నాడు. చివరికి పైకప్పు మీద మోరియార్టీయే నవ్వుతూ చెప్తాడు: కోడూ లేదు, ఏమీ లేదు, లోపలివాళ్లకి డబ్బిచ్చి తెరిపించా, వేళ్లతో వేసింది బాఖ్ సంగీతం అని. అంటే "ఇది అసాధ్యం" అని సోఫాలో కూర్చుని అరిచిన ప్రేక్షకుడు ఆ క్షణంలో షెర్లాక్ కంటే మంచి డిటెక్టివ్. రంధ్రాన్వేషణకి ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

నిజానికి షెర్లాక్ హోమ్స్ కథలకి ఈ అలవాటు పుట్టుకతోనే ఉంది. కోనన్ డాయిల్ 1887లో వాట్సన్‌కి భుజంలో తూటా దిగిందని రాశాడు. 1890లో వచ్చిన నవలకి ఆ గాయం కాలికి మారింది. ఇంకో కథలో జాన్ వాట్సన్‌ని భార్య 'జేమ్స్' అని పిలుస్తుంది. పాఠకులు వదల్లేదు. డోరతీ సేయర్స్ అనే రచయిత్రి దీనికో జవాబు చెప్పింది: జాన్ హెచ్. వాట్సన్‌లో ఆ హెచ్ 'హేమిష్' అయి ఉంటుంది, అది స్కాట్లండ్‌లో జేమ్స్‌కి ఇంకో రూపం, భార్య ముద్దుగా అలా పిలిచి ఉంటుంది అని. బీబీసీ సీరియల్‌లో జాన్ తన పేరు జాన్ హేమిష్ వాట్సన్ అనే చెప్తాడు. గాయం గొడవని కూడా వాడుకున్నారు: తూటా భుజానికే, కాలి కుంటు మాత్రం మనసులోది అని. ఒక పాఠకురాలు చిల్లుకి వేసిన మాసిక ఇప్పుడు బట్టలో భాగమైపోయింది. తప్పు పట్టుకోవడం ద్వేషంతోనే అనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇక 2014 ఎపిసోడ్ దగ్గరికి వద్దాం. రెండేళ్లు ఎదురుచూసినవాళ్లకి అది ఒక జవాబు ఇవ్వలేదు, మూడు ఇచ్చింది. మొదటిది బంగీ తాడు, హిప్నాటిజంతో. రెండోది బొమ్మతో. ఈ రెండూ కథలోనే ఉన్న షెర్లాక్ అభిమాన సంఘంవాళ్ల ఊహలు. మూడోది స్వయంగా షెర్లాకే చెప్తాడు: కింద పెద్ద గాలిపరుపు, తనలాగే ఉండే ఒక శవం, నాడి ఆగడానికి చంకలో స్క్వాష్ బాల్. విన్న అండర్సన్ పెదవి విరుస్తాడు. తర్వాత అసలు ఇది నిజమేనా, నాకెందుకు చెప్తాడు అని అనుమానంలో పడతాడు. అంటే మనం ఇప్పటికీ ఖాయంగా తెలుసు అని చెప్పలేం.

కొందరికి ఇది చాలా నచ్చింది. కొందరికి ఒళ్లు మండింది, మమ్మల్ని వెక్కిరించారు అని. నాకు వెక్కిరింత పెద్ద సమస్య కాదు. గాలిపరుపు పెద్దదా చిన్నదా అన్నదీ సమస్య కాదు. అవి మెకానిక్స్‌లో చిల్లులు, స్క్రీన్‌ప్లేలో ఇంకో సీన్ రాస్తే పూడిపోతాయి. నా సమస్య జాన్ అడిగిన ప్రశ్న దగ్గర ఉంది.

షెర్లాక్ తిరిగొచ్చి ఉత్సాహంగా ఎలా తప్పించుకున్నాడో చెప్పబోతుంటే, జాన్ ఆపేస్తాడు. ఎలా చేశావో నాకు అక్కర్లేదు, ఎందుకు చేశావో చెప్పు అంటాడు. మనందరి సిద్ధాంతాలూ ఒక పక్క, ఈ ఒక్క ప్రశ్న ఒక పక్క. అన్న మైక్రాఫ్ట్‌కి తెలుసు. మాలీకి తెలుసు. రోడ్ల మీద బతికే తన మనుషులు ఓ పాతికమందికి తెలుసు. జాన్‌కి తెలీదు. దూకకపోతే జాన్‌ని చంపడానికి ఒక షూటర్ ఉన్నాడు, నిజమే, ఆ రోజుకి అది కారణం. కానీ ఆ షూటర్‌ని మైక్రాఫ్ట్ మనుషులు అడ్డుకున్నారని షెర్లాకే అంటాడు. మరి మిగతా రెండేళ్ల సంగతి? నోరు జారతావేమో అని భయపడ్డా అన్నది అతని జవాబు. పాతికమంది నోరు జారరు, యుద్ధం చూసొచ్చిన ఒక ఆర్మీ డాక్టర్ జారతాడా?

దీన్ని పూడ్చడానికి కథ చేసిన పని ఇంకా ఘోరం. ట్యూబ్ రైలు బోగీలో బాంబు. ఆపడం నాకు తెలీదు, చచ్చిపోతున్నాం అన్నట్టు షెర్లాక్ నటిస్తాడు. చావు ముందు జాన్ క్షమించేస్తాడు. తీరా చూస్తే బాంబుకి ఆఫ్ స్విచ్ ఉంది, షెర్లాక్ అప్పటికే ఆపేశాడు. బాంబుకి ఆఫ్ స్విచ్చేంటి అని అందరూ నవ్వారు. నేనూ నవ్వా. కానీ ఆ నవ్వులో అసలుది జారిపోయింది: ఆ క్షమాపణ మోసం చేసి రాబట్టుకున్నది. మొదటి అబద్ధానికి ఏడ్చినవాణ్ణి రెండో అబద్ధంతో ఏడిపించి, లెక్క సరిపోయింది అన్నారు. స్విచ్ సంగతి మర్చిపోగలను. ఇది మర్చిపోలేను.

అందుకే తోటి ప్రేక్షకులతో నా పేచీ. మనం ట్రక్కులూ సైకిళ్లూ లెక్కపెట్టడంలో ఎంత శ్రద్ధ పెట్టామో, ఒక మనిషి అలా ప్రవర్తిస్తాడా అని అడగడంలో అంత పెట్టం. తాళం ఎలా తెరుచుకుంది అనే ప్రశ్నకి తెలివి చాలు. ఇతను ఇతన్ని ఎలా క్షమించాడు అనే ప్రశ్నకి, కథలో మనుషుల్ని మనుషులుగా నమ్మి ఉండాలి. చిల్లుల్లో పెద్దది అక్కడే పడుతుంది.

ఈ మాట మన క్లబ్‌కి కూడా చెప్పాలనిపించింది. శనివారం మీటింగ్‌లో ఎవరైనా కథ చదివాక "ఆ బస్సు ఆ టైమ్‌కి ఉండదు కదా" అని ఒకరు అడుగుతారు, రాసినవాళ్ల మొహం మాడిపోతుంది. మాడక్కర్లేదు. బస్సు టైమ్ పట్టుకున్నాడంటే అంత శ్రద్ధగా విన్నాడని అర్థం. అయితే అడిగేవాళ్లకీ ఒక విన్నపం. బస్సు గురించి అడగండి, తప్పులేదు. దాని తర్వాత, ఆ అమ్మాయి నిజంగా ఆ బస్సెక్కుతుందా అని కూడా అడగండి. రాసేవాళ్లకి జవాబు దొరకని ప్రశ్న ఎక్కువసార్లు అదే అయి ఉంటుంది.