కోర్టు గీసిన గీత గుమ్మం దాకా రాదు

పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూజ మండపాలన్నీ సందర్శకులకు ప్రవేశం లేని ప్రాంతాలని కలకత్తా హైకోర్టు 2020 అక్టోబరు 19న ఆదేశించింది. చిన్న మండపానికి 5 మీటర్లు, పెద్ద మండపానికి 10 మీటర్ల దూరంలో అడ్డుకట్టలు కట్టాలన్నది. 21న ఢాక్ వాయించేవారికీ, పరిమిత సంఖ్యలో నిర్వాహకులకూ కొంత సడలింపు ఇచ్చింది. అప్పట్లో రాష్ట్రంలో రోజుకు నాలుగు వేలకు చేరువగా కరోనా కేసులు బయటపడుతుండేవి కనుక ఆ తీర్పు అవసరమైనదే. అయితే అది వీధి సంగతి తేల్చింది గాని ఇంటి సంగతి తేల్చలేదు. తేల్చగల అధికారం ఏ న్యాయస్థానానికీ లేదు.

ఆ తేలని ప్రశ్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో మరింత పదునుగా కనిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి కూలికీ, కొలువుకీ వెళ్లిన తెలుగువారు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డారు. మథురాకాటి, నింపురా వంటి పేటల్లో తెలుగు సంసారానికి బెంగాలీ సంసారం ఇరుగు, ఒడియా సంసారం పొరుగు. అందుచేత అక్కడి పిల్లలకు దసరా ఒక్కటి కాదు, రెండు. 2020లో మన పంచాంగం ప్రకారం దశమి అక్టోబరు 25న, బెంగాలీల విజయ దశమి 26న వచ్చాయి. మొదటి రోజు పేరంటాలు, రెండో రోజు బిజొయా పలకరింపులు. నిమజ్జనం అయ్యాక చిన్నవారు ఇంటింటికీ వెళ్లి పెద్దల పాదాలకు మొక్కుతారు. పెద్దలు కొబ్బరి లడ్డూలో, నిమ్కీలో చేతిలో పెట్టి దీవిస్తారు. సమవయస్కులు కౌగిలించుకుంటారు.

పిల్లలు ఇంటింటికీ తిరిగి తీపి పుచ్చుకునే ఆచారం మనకూ కొత్తది కాదు. వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే అయ్యవారు శిష్యులను వెంటబెట్టుకుని, వారి చేతులకు విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ గడప గడపకూ వెళ్లేవారు. పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి కట్నం ముట్టేవి. అమెరికాలోని తెలుగు కుటుంబాలు 2020 అక్టోబరు 31న హాలోవీన్ వేషాలతో పిల్లలను ఇరుగుపొరుగుల తలుపులు తట్టనివ్వాలా అని తర్జనభర్జన పడింది కూడా ఈ బాపతు ఆచారం గురించే. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, ఇంటింటా చేతికి మిఠాయి అందుకునే పద్ధతిని అధిక ప్రమాదకరమైన వాటిలో చేర్చింది; విడివిడిగా కట్టిన పొట్లాలను ఆరుబయట ఉంచితే ప్రమాదం కొంత తక్కువని చెప్పింది. లాస్ ఏంజిలిస్ కౌంటీ మొదట నిషేధించి, మర్నాటికే దాన్ని సలహా స్థాయికి దించుకుంది. గుమ్మం దగ్గర చట్టం తడబడుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

మన దేశంలోని నిదర్శనం కేరళ. ఓనం వేడుకలు బహిరంగంగా వద్దు, ఇళ్లలోనే చేసుకోండని ఆ ప్రభుత్వం ముందే చెప్పింది. 2020 ఆగస్టు చివర రోజుకు రెండు వేల పైచిలుకు ఉన్న కేసులు అక్టోబరు తొలి వారానికి పది వేలు దాటాయి. ఆ పెరుగుదలంతా పండుగ వల్లనే అనడం తొందరపాటు. రాకపోకలూ, అంగళ్ల రద్దీ కూడా కారణాలే. కాని వీధి మూసినంత మాత్రాన పండుగ క్షేమంగా గడుస్తుందన్న భరోసా మాత్రం అక్కడ చెల్లలేదు. గాలి ఆడే మైదానంలో దూరంగా నిలబడి ప్రతిమను చూడడం కన్న, తలుపులు వేసిన గదిలో నలుగురూ కూర్చుని అరగంట కబుర్లాడడమే ఈ వ్యాధికి అనుకూలం.

రైల్వే క్వార్టరు ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. రెండు గదుల ఇంట్లో పింఛను పుచ్చుకునే తాతగారు, మధుమేహంతో ఉన్న నాయనమ్మ, డ్యూటీకి వెళ్లక తప్పని కొడుకు, 2020 మార్చి నుంచి బడి ముఖం చూడని మనుమలు. ఆ పట్టణానికి అప్పటికే ఈ వ్యాధి కొత్త కాదు. 2020 ఏప్రిల్‌లోనే, ఢిల్లీ వెళ్లి ఆయుధాలు తెచ్చిన రైల్వే రక్షణ దళ జవాన్లలో కొందరికి అది సోకింది. పిల్లలకు వ్యాధి ముదరడం అరుదే. కాని బిజొయా ఆచారంలో పిల్లవాడు వెళ్లి వంగేది ఎవరి పాదాల దగ్గర? ఆ వీధిలో అందరికన్న వయసు మళ్లినవారి దగ్గరే. గౌరవం చూపడానికి ఏర్పడిన ఆచారమే ఆ ఏడాది గౌరవనీయులకు ముప్పు తేగలిగేది.

ఇంత చెప్పాక పాలకుల వైపు చూడకుండా ఉండడం న్యాయం కాదు. మందు వచ్చేదాకా అలసత్వం వద్దని ప్రధాని 2020 అక్టోబరు 20న జాతికి ఉద్బోధించారు. 23 నుంచి బిహార్‌లో ఆయన సభలు మొదలయ్యాయి. బెంగాల్‌లో బీజేపీ ఆ నెల 8న సచివాలయ ముట్టడికి వేలమందిని నడిపించింది. అప్పటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అంతకు ముందే, 3న, హాథ్రస్ ఘటనపై ఊరేగింపు తీశారు. పూజా కమిటీలకు తలా 50 వేల రూపాయలు ప్రకటించిందీ ఆమె ప్రభుత్వమే. ఆ సొమ్ములో ముప్పాతిక వంతు మాస్కులకూ, శానిటైజర్లకూ ఖర్చు పెట్టాలని కోర్టు చెప్పవలసి వచ్చింది. 2021లో ఎన్నికలు పెట్టుకుని ఏ పక్షమూ పండుగకు అడ్డుపడిందన్న పేరు తెచ్చుకోదలచుకోలేదు. "నాయకుల సభకు లేని అంటు నా బిడ్డకు పెట్టే లడ్డూకు ఎక్కడిది?" అని ఒక తల్లి అడిగితే ఆ మాటలో కోపం సబబే. కాని నాయకుల కపటం వైరస్‌కు విరుగుడు కాదు. వారి తప్పుకు శిక్ష అనుభవించవలసింది ఆ తల్లి ఇంట్లోని ముసలివారు.

అప్పటికి ఏడు నెలలుగా నాలుగు గోడల మధ్య ఉన్న పిల్లలకు ఆ రెండు రోజులూ కూడా లేకుండా చేయాలా అన్నది మరింత బరువైన అభ్యంతరం. పండుగను పూర్తిగా మానుకోమనడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. మూతికి మాస్కుతో వాకిట్లో నిలబడి దూరం నుంచే చేతులు జోడించవచ్చు. ఇంట్లో కట్టిన పొట్లాన్ని పొరుగువారి అరుగు మీద ఉంచి రావచ్చు. తాతగారి దీవెన ఫోనులో అందుకోవచ్చు. లోపలికి అడుగు పెట్టడం, కాళ్లు ముట్టుకోవడం, కౌగిలించుకోవడం, ఒకే పళ్లెం చుట్టూ చేరడం: ఈ నాలుగే ఆ ఏటికి మానవలసినవి.

మానకూడనిది ఇంకొకటి ఉంది. ఈ ఇంటింటి తిరుగుళ్ల వెనుక ఎప్పుడూ ఎవరిదో జీవనం ఉండేది. నాటి అయ్యవారికి దసరా కట్నం వినోదం కాదు, ఏడాది బతుకులో ఒక భాగం. నేడు ఢాక్ వాయించేవారికీ, వీధులు ఊడ్చేవారికీ, ఇంట్లో పాచిపని చేసే మనిషికీ దసరా మామూలు అటువంటిదే. 2020 మార్చి నుంచి హౌరా లోకల్ రైళ్లు ఆగిపోవడంతో వాటిని నమ్ముకున్న చిరువ్యాపారి చేతిలో ఆ దసరాకు చిల్లర కూడా లేదు. తలుపు మూసుకున్న ఇల్లు ఆ మామూలు కూడా మూసుకుంటే, జాగ్రత్త పేరిట పిసినారితనం చేసినట్టే అవుతుంది. ఆ దశమికి ఆగవలసింది కాలు, చేయి కాదు.

ఆ దశమినాడు సోకిన అంటు బయటపడడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అంటే నవంబరు 9 వరకూ. 2020లో దీపావళి, కాళీపూజ నవంబరు 14న వచ్చాయి. అప్పటికి ఖరగ్‌పూర్ క్వార్టర్లలో ఎన్ని ఇళ్ల ముందు దీపం వెలుగుతుందన్నది హైకోర్టు అడ్డుకట్టలతో తేలేది కాదు. ఆ ఆది, సోమవారాల్లో ఏ కుటుంబానికి ఆ కుటుంబం తన గుమ్మం దగ్గర తీసుకునే నిర్ణయంతో తేలేది.